కాళ్లు లేని బతుకమ్మ ఆట

కళ్లకు తగిలించుకుంటే బొమ్మల లోకంలోకి తీసుకుపోయే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని బతుకమ్మ ఆడొచ్చన్న ఆలోచన న్యూజెర్సీలో ఉన్న చిన్నత్తమ్మ మనవడిది. "మీరు అక్కడ, అమ్మమ్మ ఇక్కడ, అయినా ఒకే వాకిట్లో ఆడుకుంటారు" అని మా అత్తమ్మను ఊరించి, ఊరికొచ్చేవాళ్ల చేత ఒక హెడ్‌సెట్ కూడా పంపించాడు. శనివారం ఖాయం చేశాడు. తీరా చూస్తే అది ఆరో రోజు.

"అలిగిన బతుకమ్మ నాడు ఎవలన్న ఆడుతరా బిడ్డా?" అని అత్తమ్మ ఫోన్లోనే కేకేసింది. పాపం, వాడి క్యాలెండర్‌లో అలకలు ఉండవు. చివరికి సద్దుల నాడు సాయంత్రం ఐదింటికి, మేం హన్మకొండ పద్మాక్షి గుండానికి బయల్దేరే ముందు అని తేలింది. అప్పుడు వాళ్లకు పొద్దున ఏడున్నర. చిన్నత్తమ్మ కాఫీ కూడా తాగకుండా పట్టుచీర కట్టుకుని సిద్ధమైంది. ఆ చీర ఎవరికీ కనపడదని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

లోపల జరిగేది మాకు టీవీలో కూడా కనిపించేట్టు పెట్టారు. మధ్యలో బతుకమ్మ. చుట్టూ రంగురంగుల ఆడబొమ్మలు. అందరికీ తల ఉంది, చేతులున్నాయి, నడుము కింద మాత్రం గాలి. తల ఎక్కడుందో, చేతుల్లోని రిమోట్లు ఎక్కడున్నాయో హెడ్‌సెట్‌కు తెలుస్తుంది గానీ కాళ్ల సంగతి తెలియదట. అందుకని కాళ్లే పెట్టలేదు.

"కాళ్లు లేకుంట ఎట్ల ఆడాలె?" అంది అత్తమ్మ. తర్వాత ఆమె చూపు బతుకమ్మ మీద పడింది. గునుగు లేదు, తంగేడు లేదు, కట్ల పూలు లేవు. పిల్లాడికి దొరికినవి తులిప్ పూలు. తంగేడు లేని బతుకమ్మను అత్తమ్మ ఒప్పుకుంటుందా? ఐదు నిమిషాలు వాడికి క్లాసు పడింది. న్యాయమే కదా!

ఇక ఆట. బతుకమ్మ ఆటంటే వంగి చప్పట్లు కొట్టాలి. అత్తమ్మ వంగినప్పుడల్లా హెడ్‌సెట్ ముక్కు మీదికి జారేది. చుట్టూ తిరగాలంటే మా హాల్లో ఖాళీ రెండు మీటర్లే, దాటితే కళ్లముందు ఎర్ర గీతల వల లేస్తుంది. కుడివైపు రెండడుగులు వేసేసరికి వల, దాని అవతల టీపాయ్. ఆమె పడిపోకుండా మా ఆయన వెనక కాపలా నిలబడ్డారు. రెండు రిమోట్లతో కొట్టిన మొదటి చప్పట్టు ఆయన చెవి మీద పడింది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. అసలు గొడవ పాటతో వచ్చింది. అత్తమ్మ ఒక చరణం అంటే, అవతలి నుంచి "ఉయ్యాలో" ఆలస్యంగా వచ్చేది. వాళ్లు అందుకోలేదేమో అని ఈమె ఆగేది. ఈమె ఆగిందని వాళ్లు ఆగేవాళ్లు. మా ఆయన చెవి రుద్దుకుంటూనే లెక్క చెప్పారు: హన్మకొండ నుంచి న్యూజెర్సీకి సుమారు 13,000 కిలోమీటర్లు, ఇంటర్నెట్‌ను మోసే గాజు తీగలో వెలుగు పోయేది సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు. తిన్నగా పోయినా ఒకవైపే 65 మిల్లీసెకన్లు, మధ్యలో మలుపులూ మెషిన్లూ కలిస్తే ఇంకా ఎక్కువ. స్టాన్‌ఫర్డ్‌లో ఇద్దరిద్దరిని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టిస్తే, ఆలస్యం పెరిగేకొద్దీ ఇద్దరూ నెమ్మదించారట. మా ఇంట్లోనూ అచ్చం అదే జరిగింది. మూడో చరణానికి పాట శోకంలా సాగింది. పక్కింటావిడ తలుపు కొట్టి "ఏమైంది వదినా, అంతా బాగేనా?" అని అడిగింది. పైగా మాట కాని చప్పుడంతా రొద అనుకుని ఆ యాప్ చప్పట్లన్నీ మింగేసింది.

అప్పుడు పిల్లాడు ఆఖరి అస్త్రం తీశాడు. 2003లో వచ్చిన సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ బొమ్మల లోకం నాటి నుంచీ ఇలాంటి లోకాల్లో ఉన్నదే: ఒక బటన్ నొక్కితే చాలు, బొమ్మ దానంతటదే ఆడుతుంది. అందరూ నొక్కారు. అబ్బ, ఏం కుదిరింది! ఒకే వంపు, ఒకే తిరుగుడు, ఒక్కరూ తప్పలేదు.

అత్తమ్మ ఒక నిమిషం చూసింది. హెడ్‌సెట్ తీసి సోఫాలో పెట్టి, తాంబాళంలో ఉన్న అసలు బతుకమ్మను ఎత్తుకుని, కొడుకును వెంటబెట్టుకుని గుండానికి వెళ్లిపోయింది. ఆమె బొమ్మ మాత్రం భక్తిగా తిరుగుతూనే ఉంది.

ఆపేద్దామని, ఆటోమేటిక్ ఆట తీసేసి హెడ్‌సెట్ నేను పెట్టుకున్నాను. పక్కనే చిన్నత్తమ్మ బొమ్మ, గుసగుసగా మాట్లాడుతోంది. "అక్కా, ఇందాకటి సంది అడుగుతున్న, పలుకవేంది? ఈసారి మలీద నీ కోడలు చేసిందా, కొనుక్కొచ్చిందా?"

గొంతు విప్పితే దొరికిపోతాను. చేసింది అన్నట్టు అత్తమ్మ తల నిలువుగా ఊపాను.

"మంచిగ కుదిరిందా మరి?"

ఈసారి రెండుసార్లు ఊపాను.