లేవని బీరువా

"ఏ గదికైనా, ఏ ఇంటికైనా ఇట్టే ఒదిగిపోతుంది." మేం కొన్న మాడ్యులర్ వార్డ్‌రోబ్‌తో (విడి పలకలు తెచ్చి బిగించుకునే బీరువాతో) పాటు వచ్చిన రంగుల పుస్తకంలో మొదటి వాక్యం ఇది. ఒదిగి ఉండమని పెద్దవాళ్లు పిల్లలకు చెబుతారు, మేనేజరు కొత్తగా చేరినవాడికి చెబుతాడు. చెక్కపొట్టుతో చేసిన దిమ్మకు కూడా ఆ బుద్ధి ఉంటుందని నమ్మడం నా తప్పే.

పుస్తకంలో నాలుగు ఫొటోలున్నాయి. పడకగదిలో అదే బీరువా, హాల్లో అదే, పిల్లల గదిలో అదే, ఆఫీసు గదిలో అదే. మారిందల్లా దాని పక్కన పెట్టిన వస్తువు. ఒకచోట దీపం, ఒకచోట పూలకుండీ, ఒకచోట టెడ్డీ బొమ్మ, ఒకచోట గ్లోబు. అంటే టెడ్డీని తీసేసి గ్లోబు పెడితే పిల్లల గది ఆఫీసైపోతుందన్నమాట. ఇంత తేలికైన విద్య కోసం ఇంటీరియర్ డిజైన్ కాలేజీల్లో జనం ఏళ్ల తరబడి ఎందుకు చదువుతున్నారో! ఇంకో విశేషం ఆలస్యంగా గమనించాను. ఆ నాలుగు గదుల్లో ఎక్కడా స్విచ్‌బోర్డు లేదు. గోడ అడుగున స్కర్టింగ్ లేదు. ఒక్క వైరు లేదు. అక్కడ ఒదిగింది బీరువా కాదు, గదులు.

మేం ఇల్లు మారాం. బీరువా ఎత్తు 236 సెంటీమీటర్లు, లోతు 60. కొత్త ఇంటి సీలింగ్ 240. "ఇంకా నాలుగు సెంటీమీటర్లు మిగులు" అని టేపు టక్కున చుట్టేసి ఇంట్లో అందరికీ ప్రకటించాను. సూచనల కాగితంలో ఉన్నట్టే నేల మీద పడుకోబెట్టి బిగించాం. ఫిట్టర్, నేను, మా బావమరిది ముగ్గురం పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని లేపాం. బాగానే లేచింది. నిటారుగా నిలబడటానికి ఇంకాస్త వాలు మిగిలి ఉందనగా పై అంచు సీలింగ్‌కు కొట్టుకుని ఆగిపోయింది. తెల్లటి సున్నం పెచ్చు ఒకటి నేరుగా నా కళ్లజోడు మీద రాలింది.

"కొంచెం వెనక్కి" అన్నాడు ఫిట్టర్. వెనక గోడ ఉంది. "కొంచెం ముందుకు" అన్నాడు. ముందు నేనున్నాను.

"కాళ్లు తీసేద్దామా బావా?" అన్నాడు మా బావమరిది.

"ఎవరివి?"

"సార్, మీ ఇల్లు పొట్టిదండీ" అని ఫిట్టర్ తీర్పు చెప్పేశాడు. ఆ మాటంటుండగానే అతని జేబులో ఫోను మోగింది. ఒక చేత్తో బీరువాను, ఇంకో చేత్తో ఫోనునూ పట్టుకుని, తర్వాతి గిరాకీకి పది నిమిషాల్లో వచ్చేస్తున్నానని మాటిచ్చాడు. అతని వంతు బరువు మెల్లగా నా భుజం మీదికి ఒదిగింది. పుస్తకంలోని వాక్యం నిజమైన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి గుమ్మంలో నిలబడి చాలా శాంతంగా అడిగింది. "నాన్నా, కర్ణం లెక్క వేశారా?"

వేయలేదు. పడుకోబెట్టినదాన్ని లేపేటప్పుడు సీలింగ్ కింద పట్టాల్సింది ఎత్తు కాదు, మూల నుంచి ఎదురు మూలకు ఉండే కర్ణం. 236 వర్గం 55,696. 60 వర్గం 3,600. రెండూ కలిపితే 59,296. దాని వర్గమూలం దాదాపు 243.5. పడుకున్నప్పుడు బీరువాకు ఏ ఇబ్బందీ లేదు, నిలబడ్డాకా లేదు. లేవడానికి మాత్రం మూడున్నర సెంటీమీటర్లు తక్కువైంది. (ఇంట్లో ఈ లక్షణాలున్న మనిషి ఇంకొకరున్నారని మా ఆవిడ అంది. అది ఇక్కడ అప్రస్తుతం.)

సరే, విప్పి నిలబెట్టే బిగిద్దామనుకున్నాం. అసలు కథ అక్కడ మొదలైంది. పక్క పలకల్లో పైనుంచి కిందికి వరసగా చిల్లులుంటాయి చూశారా, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 32 మిల్లీమీటర్లు. ఫర్నిచర్ తయారీలో చాలామంది పాటించే కొలత అది, మంచి ఏర్పాటు, కాదనను. కానీ ఆ చిల్లు పెట్టింది చెక్కకు కాదు, చెక్క తురుమును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డుకు. మర మొదటిసారి బిగిస్తే గట్టిగానే పట్టుకుంటుంది. విప్పి మళ్లీ బిగిస్తే పట్టు సడలుతుంది. మాది పాత ఇంట్లో ఒకసారి, ఇక్కడ ఒకసారి బిగించినదే. రెండోసారి విప్పేసరికి మరతో పాటు గుప్పెడు పొట్టు వచ్చింది. వేలు పెడితే చిల్లు అంచు బిస్కెట్‌లా విరిగింది. ఏ ఇంటికైనా అన్నారు గానీ, ఎన్ని ఇళ్లకో చెప్పలేదు.

ఒక్క పలక మారిస్తే చాలు కదా, మాడ్యులర్ అంటేనే అది కదా అని కంపెనీకి ఫోన్ చేశాను.

"ఆ సిరీస్ ఆపేశామండీ. కొత్త సిరీస్ ఇంకా వెర్సటైల్ సార్."

"దాని పలక దీనికి సరిపోతుందా?"

"సరిపోదు సార్. మొత్తం కొత్త సెట్ తీసుకోవచ్చు."

ఇదెక్కడి న్యాయమండీ? ఒక ముక్క పోతే మొత్తం పారేయాల్సిన దాన్ని మాడ్యులర్ అనడానికి నోరెలా వచ్చింది? జర్మనీ డిజైనర్ డీటర్ రామ్స్ 1960లో గీసిన 606 షెల్ఫులు ఇప్పటికీ తయారవుతున్నాయి. అప్పటిదానికి ఇప్పటి ముక్క తగిలించుకోవచ్చు. అవి ఖరీదైనవి, నాలాంటివాడి చేతికి అందవు, ఒప్పుకుంటాను. కానీ నేనడిగింది డిజైన్ కళాఖండం కాదు, పాత కొలతకు కోసిన ఒక్క పలక. రంపానికి కొలత మార్చుకోవడం అంత కష్టమా? సొంతిల్లున్నవాడికి "ఏ ఇంటికైనా" అనే మాటతో పనే లేదు, వాడు గోడలోనే అలమర కట్టించుకుంటాడు. ఓనరు ఖాళీ చేయమన్నప్పుడల్లా మూటాముల్లే సర్దుకునే అద్దెవాళ్ల కోసమే ఆ మాట రాశారు. ఎవరు ఎక్కువసార్లు విప్పి బిగించుకోవాలో, సరిగ్గా వాళ్లకే విప్పితే విరిగే సరుకు అమ్ముతున్నారు. తెలిసి అమ్ముతున్నారు. పైగా ఆ పుస్తకం చివరి పేజీలో ఆకుపచ్చ రంగులో ఒక ఆకు బొమ్మ! విరిగిన ఆ పలకను ఏ చెత్తబండివాడూ సంతోషంగా తీసుకోడు. ముందు వాడికి పంపండి ఆ పుస్తకం.

బీరువాను మళ్లీ పడుకోబెట్టి, ఉన్న ముక్కలతోనే ఎలాగో బిగించాం. నిలబెడితే కూలుతుందని ఫిట్టర్ చెప్పి వెళ్లాడు, కాబట్టి హాల్లోనే వెల్లకిలా పడుకుని ఉంది. తలుపులు పైకి తెరుచుకుంటాయి. ఎత్తు 60 సెంటీమీటర్లే కావడంతో వచ్చినవాళ్లంతా దాని మీదే కూర్చుంటున్నారు. నాకు చొక్కా కావాలంటే చుట్టాలు లేవాలి.