‘ఒక్క చుక్క, ఒక్క గంట’ అన్న సందేశం నమ్మి కల్చర్ పరీక్ష మానుకోకండి

ఒడిశాలోని రాయగడలో ఒక చిన్న ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. గత నెలలో గుణుపురం వైపు పల్లె నుంచి ఒక యువకుడు తన తల్లిని తీసుకొచ్చాడు. ఆమెకు ఆరు రోజులుగా జ్వరం. డాక్టరు చీటీలో బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను సీసాలో పెంచి చూసే పరీక్ష, రాశారు. రెండు సీసాలు బల్ల మీద పెట్టి సూది తీయగానే ఆ అబ్బాయి అడ్డుపడ్డాడు. "అంత రక్తం ఎందుకు మేడమ్? ఒక్క చుక్క చాలు కదా" అంటూ తన ఫోను నా ముందు పెట్టాడు. అందులోని సందేశం నాకు కొత్త కాదు. వారం ముందే పర్లాకిమిడిలో ఉండే మా పెద్దమ్మ కూతురు పంపింది. బరంపురం బంధువుల గ్రూపులోనూ రెండుసార్లు వచ్చింది.

అందులో ఉన్నది ఇది: "కొత్త యంత్రాలు వచ్చాయి. ఒక్క రక్తపు చుక్కతో, ఒక్క గంటలో, ఒంట్లో ఉన్న ఏ సూక్ష్మజీవినైనా పేరుతో సహా చెప్పేస్తాయి. పేరు తెలిస్తే మందు తెలిసినట్టే. కల్చర్ పాతకాలపు పద్ధతి. రోజుల తరబడి ఆస్పత్రిలో ఉంచి డబ్బు గుంజడానికే రాస్తున్నారు. ఎవరైనా కల్చర్ అంటే వద్దని చెప్పండి."

చివరి వాక్యం లేకపోతే నేను ఇది రాసేదాన్ని కాదు. యంత్రాల గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పుకున్నా నష్టం లేదు. జ్వరంతో ఉన్న మనిషికి అవసరమైన పరీక్షను వద్దనిపించడం మాత్రం నష్టమే.

ముందుగా ఆ చుక్క సంగతి. మలేరియాకు ఒక్క చుక్క నిజంగానే చాలు. ఆశా కార్యకర్తలు వాడే కిట్‌కు కావలసింది 5 మైక్రోలీటర్ల రక్తం, అంటే చుక్కలో పదో వంతు. 2017లో ఒడిశా ప్రభుత్వం మలేరియాను అరికట్టడానికి దమన్ పథకం మొదలుపెట్టాక కొండ ఊళ్లలో జ్వరం లేనివారికి కూడా ఈ పరీక్ష చేస్తున్నారు కాబట్టి, వేలికొన నుంచి చుక్క తీస్తే జబ్బు తేలిపోతుందన్న నమ్మకం మన ప్రాంతంలో బలంగా నాటుకుంది. మలేరియా విషయంలో ఆ నమ్మకం సరైనదే. మలేరియా జ్వరం వచ్చిన మనిషి రక్తంలో ఒక్క మైక్రోలీటరులోనే వందలు, వేల పరాన్నజీవులు ఉంటాయి. చుక్క తీస్తే అవి దొరకకుండా ఎక్కడికి పోతాయి?

టైఫాయిడ్ అలాంటిది కాదు. టైఫాయిడ్ వచ్చిన మనిషి రక్తంలో చాలాసార్లు ఒక మిల్లీలీటరుకు ఒక్క బ్యాక్టీరియా, లేదా అంతకంటే తక్కువ ఉంటుంది. పెద్దవారిలో రక్తానికి సోకే ఇతర బ్యాక్టీరియాలు కూడా ఎక్కువసార్లు మిల్లీలీటరుకు ఒకటి నుంచి పది వరకే. ఒక మిల్లీలీటరంటే సుమారు ఇరవై చుక్కలు. ఆ ఇరవై చుక్కల్లో కలిపి ఒక్కటే బ్యాక్టీరియా ఉంటే, మనం తీసిన చుక్కలో అది ఉండే అవకాశం ఇరవైలో ఒక వంతు. మిగతా పందొమ్మిదిసార్లు ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా చుక్కలో లేనిదాన్ని చూపలేదు. చెరువులో చేప ఉందో లేదో చెంబుడు నీళ్లు తోడి తేల్చలేం. అందుకే పెద్దవారికి ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీస్తాం, ఒక సీసాతో ఆగం. ఆ సీసాలో బ్యాక్టీరియాకు ఇష్టమైన ఆహారం ఉంటుంది. ఒంటి వేడికి సమానమైన వేడిలో ఉంచితే ఒకటి రెండై, రెండు నాలుగై, కంటికి ఆనేంతగా పెరుగుతుంది. కల్చర్ అంటే అదే.

"మరి చుక్క సీరంతో టైఫాయిడ్ పరీక్ష చేస్తారు కదా" అని చాలామంది అడుగుతారు. అది వైడాల్. 1896 నాటిది. కల్చర్‌ను పాతదని తీసిపారేసేవారు దీన్ని కొత్తదనుకుంటారు. అది బ్యాక్టీరియాను చూడదు, దానికి వ్యతిరేకంగా మన ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలను చూస్తుంది. ఎప్పుడో పాతికేళ్ల కిందట సోకిన జబ్బుకూ, వేరే జబ్బుకూ అది పాజిటివ్ రావచ్చు. నా చేతులతో వేలాది వైడాల్ పరీక్షలు చేశాను. ఆ ఒక్క కాగితం పట్టుకుని వారాల తరబడి మాత్రలు మింగినవారిని చూసి బాధపడ్డాను.

ఇక గంట. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. బయోఫైర్ అనే సంస్థ తయారుచేసిన ఒక పరీక్ష ఉంది. ఒక చిన్న పొట్లంలో నమూనా వేస్తే, 43 లక్ష్యాలను, అంటే 33 సూక్ష్మజీవులను, మందులకు లొంగనివ్వని 10 జన్యువులను, సుమారు గంటలో వెతుకుతుంది. మంచి సాధనం. ప్రాణాలు కాపాడుతుంది. కానీ అందులో వేసే నమూనా ఏమిటి? అప్పటికే బ్యాక్టీరియా పెరిగిందని తేలిన కల్చర్ సీసాలోని రక్తం! ఆ గంట మొదలయ్యేది కల్చర్ పని చేశాక. ప్రకటనల్లో ‘గంటలో’ అన్న మాట పెద్దక్షరాల్లో ఉంటుంది, ‘సీసాలో పెరిగాక’ అన్నది కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. ఎవరో ఆ చిన్నక్షరాలు వదిలేసి తెలుగులోకి మార్చారు.

మాల్డీ టాఫ్ అనే యంత్రం గురించి కూడా ఇదే చెప్పాలి.  దాని పని తీరు నాకు ఎంతో ఇష్టం. కల్చర్ సీసాలోంచి పళ్లెంలోకి మార్చి పెంచిన బ్యాక్టీరియా మచ్చను పుల్లతో తీసి ఉక్కు పలక మీద రాస్తారు. దానిపై ఒక ఆమ్ల ద్రావణం వేసి ఆరబెడతారు. లేజర్ కిరణం తగలగానే అందులోని ప్రొటీన్లు చెదిరి, గాలి లేని గొట్టంలో ఎగురుతాయి. తేలికవి ముందు చేరతాయి, బరువైనవి తర్వాత. చేరిన సమయాన్ని బట్టి బరువులు లెక్కగట్టి, ఆ వరుసను తన దగ్గరున్న జాబితాతో పోల్చి పేరు చెబుతుంది. పెద్ద అణువులను ముక్కలు చేయకుండా లేజర్‌తో ఎగరగొట్టవచ్చని చూపినందుకే జపాన్‌లో షిమాడ్జు సంస్థ ఇంజినీరు కొయిచి తనాకా 2002లో రసాయనశాస్త్ర నోబెల్‌ను పంచుకున్నారు. పూర్వం పేరు తేల్చడానికి మరో రోజు పట్టే చోట ఇప్పుడు నిమిషాలు పడుతోంది. అయితే పుల్లతో తీయడానికి పళ్లెంలో ఒక మచ్చ పెరిగి ఉండాలి కదా. కల్చర్ వద్దన్నవారు ఆ యంత్రానికి ఏమి ఇస్తారు?

"ఏ సూక్ష్మజీవినైనా" అన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతోంది, ఎందుకంటే మనం ఉన్న జిల్లాలు అలాంటివి.

ఆ పొట్లం పరీక్ష పీసీఆర్ పద్ధతిలో, అంటే సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని వెతికే పద్ధతిలో, నడుస్తుంది. పీసీఆర్ అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. క్షయ కోసం పెట్టిన చిప్పు క్షయనే వెతుకుతుంది, కలరాను వెతకదు. మాల్డీ టాఫ్ తన జాబితాలో ఉన్న పేర్లలోంచే చెబుతుంది. కొరాపుట్ జిల్లాలో దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, పదేపదే వస్తుంది. చచ్చిన పశువు మాంసం కోసినవారికీ తిన్నవారికీ సోకుతుంది. ఆ బ్యాక్టీరియాకు బాసిల్లస్ సీరియస్ అనే దగ్గరి బంధువు ఉంది. ఈ రెండింటి ప్రొటీన్ల వరుసలు ఎంత దగ్గరగా ఉంటాయంటే మాల్డీ టాఫ్ తడబడుతుంది. అదే, చచ్చిన పశువు చెవి నరం నుంచి తీసిన రక్తాన్ని స్లైడు మీద రాసి మిథిలీన్ బ్లూ రంగు వేస్తే, నీలం కడ్డీల చుట్టూ గులాబీరంగు పొర కనిపిస్తుంది. చూడటం తెలిసిన కన్ను, ఒక మైక్రోస్కోపు ఉంటే చాలు.

మెలియాయిడోసిస్ ఇంకో ఉదాహరణ. తడి మట్టిలో, పొలం నీళ్లలో ఉండే బ్యాక్టీరియాతో వస్తుంది. మధుమేహం ఉన్నవారిని ఎక్కువగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో మచ్చలు, బరువు తగ్గడం చూసి క్షయ అనుకుంటారు, క్షయ మందులకు అది లొంగదు. యంత్రం జాబితాలో ఆ పేరు సరిగా చేర్చి ఉండకపోతే దానికి దగ్గరగా ఉన్న మరో పేరు చెబుతుంది.

నల్లి లాంటి చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం విషయంలో నా వైపు నుంచి కూడా నిజం చెప్పాలి. అది మా కల్చర్ సీసాలో పెరగదు. అనుభవమున్న డాక్టరు చంకలో, నడుము దగ్గర నల్లటి పెచ్చు ఉందేమో వెతుకుతారు. రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష రాస్తారు. డాక్సీసైక్లిన్ ఇస్తే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. అది టెట్రాసైక్లిన్ అనే మందుల కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసినప్పుడు, అది పుట్టిన లెడర్లే సంస్థలో పరిశోధనలకు పెద్దగా ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ మాట ఇక్కడ అవసరమో కాదో గానీ, ఆ మందు చీటీ చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకొస్తారు.

మల్కన్‌గిరిని మాత్రం వదిలి వెళ్లలేను. 2016లో ఆ జిల్లాలో వందకు పైగా చిన్నారులు మెదడువాపు లక్షణాలతో చనిపోయారు. కొందరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ దొరికింది. చాలామందిలో దొరకలేదు. వైద్యశాస్త్రవేత్త టి. జాకబ్ జాన్ గారి ఆధ్వర్యంలో వెళ్లిన నిపుణులు పిల్లలు తిన్న బన చకుండ గింజల వైపు వేలు చూపారు. మన కసివింద. ఆ మొక్కలోని విషపు ఆనవాళ్లు పిల్లల మూత్రంలో కనిపించాయి. అక్కడ సూక్ష్మజీవులను గుర్తించే యంత్రాలు వరసగా పేర్చినా ఆ పిల్లల విషయంలో ‘ఏమీ లేదు’ అనే చెప్పేవి. ఇంటింటికీ వెళ్లి, పిల్లలు ఏమి తిన్నారని అడిగినవారే జవాబు దగ్గరకు చేరారు.

దొరికిన సూక్ష్మజీవే జ్వరానికి కారణమని కూడా అనుకోవద్దు. మన కొండ ఊళ్లలో ఏ బాధా లేకుండా మలేరియా పరాన్నజీవిని మోసేవారు ఉన్నారు. దమన్ పథకం పుట్టిందే వారిని వెతకడానికి. అలాంటివారికి ఇంకో జబ్బుతో జ్వరం వస్తే మలేరియా కిట్ రెండు గీతలు చూపుతుంది, అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది. ఫాల్సిపారం మలేరియా తగ్గిన తర్వాత కూడా కిట్ కొన్ని వారాలపాటు పాజిటివ్ చూపవచ్చు. కిట్ చూసేది పరాన్నజీవి వదిలిన ప్రొటీన్‌ను, అది రక్తంలో అంత త్వరగా పోదు.

"పేరు తెలిస్తే మందు తెలిసినట్టే." ఈ–కోలై అన్న బ్యాక్టీరియా పేరు ఇద్దరి రిపోర్టుల్లోనూ ఉండవచ్చు. ఒకరికి సాధారణ మాత్రతో తగ్గుతుంది. రెండోవారికి ఖరీదైన ఇంజెక్షన్ కూడా పనిచేయదు. మా పళ్లెంలో మందు బిళ్లల చుట్టూ బ్యాక్టీరియా ఎంత దూరం పెరగకుండా ఆగిందో స్కేలుతో కొలిస్తే గానీ ఏ మందు పనిచేస్తుందో తెలియదు. దానికి మరో 16 నుంచి 18 గంటలు కావాలి. జన్యువులను వెతికే యంత్రం తన జాబితాలోని పది జన్యువులు లేవని చెప్పగలదు. పదకొండో దారిలో మందును తప్పించుకున్న బ్యాక్టీరియా గురించి ఏమీ చెప్పలేదు. క్షయలో రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు పనిచేస్తుందో లేదో వేగంగా చెప్పే ట్రూనాట్ నిజంగా మేలు చేసిన సాధనం. గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ తయారుచేసింది, బ్యాటరీతో నడుస్తుంది, 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందింది. రెండు వారాలకు మించి దగ్గు ఉన్న ప్రతి ఒక్కరూ అది చేయించుకోవాలని నేనే చెబుతాను. కానీ ఊపిరితిత్తుల క్షయకు దానికి ఇవ్వవలసింది కళ్లె, రక్తపు చుక్క కాదు.

డబ్బు గుంజడానికే కల్చర్ రాస్తారన్న ఆరోపణకు ఎక్కువ సమాధానం అక్కర్లేదు. సందేశం మెచ్చుకున్న ఆ పొట్లం పరీక్ష ఖర్చు కల్చర్ ఖర్చు కంటే ఎన్నో రెట్లు. దానికీ కల్చర్ ముందు చేయాలి కాబట్టి రెండు ఖర్చులూ పడతాయి. డబ్బు కోసమే అయితే అందరూ దాన్నే రాసేవారు. రోజులు పట్టడం నిజమే. అది బ్యాక్టీరియా పెరిగే వేగం, మేము కావాలని చేసే ఆలస్యం కాదు. జవాబు వచ్చేవరకు డాక్టరు మందు ఆపరు కూడా. రక్తం తీసిన వెంటనే మొదలుపెడతారు, రిపోర్టు వచ్చాక మారుస్తారు. కావలసిందల్లా మందు పడకముందే రక్తం తీయడం. మూడో తరం సెఫలోస్పోరిన్ల వంటి యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదని 2014 నుంచి హెచ్1 షెడ్యూలు నిబంధన ఉంది. అయినా మన ఊళ్లలో ముందు మందుల దుకాణం, తర్వాత డాక్టరు, చివర ల్యాబు. అప్పటికి రక్తంలో ఉన్న ఆ కాసిని బ్యాక్టీరియా సీసాలో పెరిగే స్థితిలో ఉండవు.

గుణుపురం అబ్బాయి ఆ రోజు సీసాలకు ఒప్పుకోలేదు. వేలికొన నుంచి చుక్క మాత్రం తీయనిచ్చాడు. మలేరియా లేదని వచ్చింది. తల్లిని తీసుకుని వెళ్లిపోయాడు. ఐదో రోజున మళ్లీ వచ్చారు. ఆమె నడవలేక అతని భుజం పట్టుకుని ఉంది. దుకాణంలో ఇచ్చిన యాంటీబయాటిక్ నాలుగు రోజులు వాడారు, జ్వరం కాస్త తగ్గి మళ్లీ పెరిగింది. ఈసారి అతనే రెండు సీసాలూ తీసుకోమన్నాడు. ఐదు రోజులు ఉంచాం. ఏమీ పెరగలేదు. రిపోర్టు చేతికి ఇస్తే పైకీ కిందకీ చూసి, "అయితే మా అమ్మకు ఉన్నది ఏ జ్వరం మేడమ్?" అని అడిగాడు.