కూనిరాగానికి కూలి ఏది?

గ్లెన్ గూల్డ్ అనే కెనడా పియానిస్టుకు సంగీతలోకం తీరని అన్యాయం చేసింది. జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతం వాయించిన రికార్డుల అట్టల మీద ఆయనకు పియానో వాయించినట్టు మాత్రమే పేరు వేశారు. మరి పాడింది ఎవరు?

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పియానో వెనకాల ఎవరో స్నానం చేస్తూ పాడుకుంటున్నట్టు ఒక కూనిరాగం వినిపిస్తుంది. అది ఆయనదే. వాయించేదాన్ని పాడుతూ వాయించమని చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పారు. ఆ గొంతును తగ్గించడానికి ఇంజనీర్లు నానా తంటాలు పడ్డారు. పాపం, పాటను గుర్తించే చెవి అందరికీ ఉండదు. నేనూ మొదట్లో పక్కింటివాళ్లనుకుని కిటికీ మూసినవాడినే. ఇప్పుడు పియానోయే అడ్డంగా అనిపిస్తోంది.

1955 జూన్‌లో, 22 ఏళ్ల వయసులో, ఆయన బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ (ఒకే మూలం మీద అల్లిన 30 రూపాంతరాలు) రికార్డు చెయ్యడానికి న్యూయార్క్ స్టూడియోకి వచ్చారు. ఎండాకాలంలో ఓవర్‌కోటు, మఫ్లర్, చేతితొడుగులు. వెంట మాత్రల సీసాలు, తాగే నీళ్లు, తువ్వాళ్లు. వాయించే ముందు చేతులు వేడినీళ్లలో నానబెట్టడం. వీటన్నిటికీ తోడు వాళ్ల నాన్న సరిచేసి ఇచ్చిన మడతకుర్చీ, నేలకు 14 అంగుళాల ఎత్తులో. జీవితాంతం దాన్ని వదల్లేదు. అది కిర్రుమంటే అదీ రికార్డులో పడింది. దానికీ అట్ట మీద పేరు లేదు.

ఆ రికార్డు నిడివి సుమారు 38 నిమిషాలు. 1981లో అదే సంగీతాన్ని మళ్లీ రికార్డు చేస్తే 51 నిమిషాలైంది. కొన్ని భాగాలు తిరగవాయించారు, కొన్ని బాగా నెమ్మదించారు. అంతే, శ్రోతలు రెండు పార్టీలయ్యారు. ఆ 13 నిమిషాల్లో మానవజీవిత పరమార్థం ఉందని ఒక పార్టీ, వృద్ధాప్యం ఉందని ఇంకో పార్టీ. నిద్రపట్టని ఒక ప్రభువు కోసం బాఖ్ దీన్ని రాశారని పాత కథ ఒకటి ఉంది, ఎంత నిజమో కానీ. ఇప్పుడు దీని గురించి వాదించుకుంటూ ఎంతమంది నిద్ర చెడగొట్టుకుంటున్నారో! నాది మూడో పార్టీ. ఏ రికార్డులో కూనిరాగం ఎక్కువుంటే దానికే నా ఓటు. ఒక్క 25వ వేరియేషన్ దగ్గర మాత్రం, నిజం చెప్పొద్దూ, పార్టీ మర్చిపోయి నోరు మూసుకుని కూర్చుంటాను.

1964లో, 31 ఏళ్లకే, ఆయన కచేరీలు మానేశారు. దగ్గే జనం లేని స్టూడియోలో ఇక చప్పుడు చేసే హక్కు ఆయనొక్కడిదే.

1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డులో ఆయన వాయించిన బాఖ్ ముక్క ఒకటుంది. అక్కడ వినేవాళ్లెవరో విని, పాడిందెవరని అడుగుతూ కబురు పంపితే అట్ట మీద పేరు లేదని చెప్పాలి మనం.