తలుపుకు నూటయాభై డాలర్లు

(ఫ్లోరిడా రాష్ట్రంలో 240 ఇళ్లున్న ఒక కాలనీ. అల్లుడు అక్కడి ఇంటి యజమానుల సంఘానికి, అందరూ హెచ్‌ఓఏ అని పిలిచే దానికి, కోశాధికారి. ఆ పదవికి పోటీ చేసినవారు ఎవరూ లేకపోవడం వల్ల ఆయన ఘనవిజయం సాధించారు. అత్తగారు సహకార శాఖలో ఆడిటర్‌గా పదవీ విరమణ చేసి, ఆరు నెలల వీసా మీద కూతురి దగ్గరికి వచ్చారు. ఈ ఇద్దరూ పెళ్లినాటి నుంచి ఒకరినొకరు గ్రాంథికానికి దగ్గరగా ఉండే భాషలోనే గౌరవించుకుంటున్నారు గనుక, వారు పోట్లాడుకుంటున్నారన్న సంగతి పక్క గదిలోని వారికి చాలాసేపటి వరకూ తెలియదు.)

అత్తగారు: అల్లుడుగారూ, మీరు భోజనం ముగించేవరకు ఆగుదామనే అనుకున్నాను గానీ, ఈ ముప్పై నాలుగు పేజీల ఒప్పందంలో పదిహేడో పేజీకి వచ్చేసరికి నా ఓపిక అయిపోయింది.

అల్లుడు: అత్తయ్యగారూ, అది సంఘానికి సంబంధించిన కాగితం. బోర్డు సభ్యులు తప్ప ఇతరులు చదవవలసినది కాదు.

అత్తగారు: అంత రహస్యమైన కాగితాన్ని కూరగాయల బుట్ట కింద పరిచినవారు ఎవరో నేను అడగను. అడుగున ఉన్నందుకు మూడో పేజీ మీద కొంచెం తడి తగిలింది, అంతే. ఇంతకీ నెలకు ఇంటికి 62 డాలర్లని రాశారు. ఇది మంచి బేరమని మీ అభిప్రాయమా?

అల్లుడు: అభిప్రాయమేమిటండీ, లెక్క. ఇప్పుడు మనం ఇంటర్నెట్టుకూ కేబుల్ టీవీకీ కలిపి నెలకు 140 డాలర్లు కడుతున్నాం. 240 ఇళ్లు ఒకే మాట మీద నిలబడి ఒకే కంపెనీ దగ్గర టోకున కొంటే, అదే సేవ సగానికన్నా తక్కువకు వస్తోంది. దీనినే బల్క్ కాంట్రాక్టు అంటారు. బేరమాడింది నేను.

అత్తగారు: సంతోషం. 62 డాలర్లు మొదటి ఏడాది ధర. తరువాత ఏటా 5 శాతం పెరుగుతుందని పదకొండో పేజీలో ఉంది. పదేళ్ల ఒప్పందం గనుక చివరి ఏడాదికి అది 96 డాలర్లు దాటుతుంది. పదేళ్లకు ఒక్కొక్క ఇంటికి దాదాపు 9,358 డాలర్లు, కాలనీ మొత్తానికి ఇరవై రెండు లక్షల నలభై అయిదు వేలకు పైమాటే. మీరు 62 డాలర్ల కాగితం మీద బేరమాడారు, వాళ్లు ఇరవై రెండు లక్షల కాగితం మీద ఆడారు.

అల్లుడు: (నీళ్లు తాగి) ధరలు బయట కూడా పెరుగుతాయి కదండీ. 5 శాతమన్నది గరిష్ఠ పరిమితి. దానికి మించి పెంచకూడదని నేనే పట్టుబట్టి రాయించాను.

అత్తగారు: దాని కిందనే చిన్న అక్షరాల్లో ఇంకొక వాక్యం ఉంది. స్థానిక ప్రసార ఛానెళ్ల రుసుము, క్రీడల ఛానెళ్ల రుసుము ఈ పరిమితిలోకి రావట. మీ దేశంలో 1992లో వచ్చిన కేబుల్ చట్టం ప్రకారం, గాలిలో ఉచితంగా వచ్చే ఛానెల్ కూడా తన ప్రసారాన్ని కేబుల్లో చూపించినందుకు కంపెనీ దగ్గర డబ్బు అడగవచ్చు. ఆ డబ్బు అక్కడ ఆగదు, దొర్లుకుంటూ మన బిల్లులోకి వచ్చి పడుతుంది. మీరు ముందు తలుపుకు తాళం వేసి తాళంచెవి నడుముకు కట్టుకున్నారు. పెరటి తలుపుకు గడియే లేదు.

అల్లుడు: మీరు ఇదంతా ఎప్పుడు చదివారండీ?

అత్తగారు: మధ్యాహ్నం మీ ఇంటర్నెట్టు పనిచేసిన నలభై నిమిషాల్లో.

(ఈ దెబ్బ అల్లుడికి తగిలిందనడానికి గుర్తుగా ఆయన పెరుగు రెండోసారి వేసుకున్నారు.)

అల్లుడు: ఆ బాధ పోవడానికే కదండీ కొత్త ఒప్పందం! సెకనుకు వెయ్యి మెగాబిట్ల వేగం ఇస్తామన్నారు.

అత్తగారు: వెయ్యి మెగాబిట్లు ఇస్తామనలేదు, 'వెయ్యి వరకు' అన్నారు. పైగా అది దిగుమతి వేగం, అంటే డౌన్‌లోడ్. ఎగుమతి వేగం, అంటే అప్‌లోడ్, 35 అని అనుబంధంలో ఉంది. ఉదయం మీ ఆఫీసు వీడియో సమావేశంలో మీ ముఖం నోరు తెరిచినచోటే ఆగిపోయిందే, అది ఎగుమతిలో వచ్చిన లోపమని మా అమ్మాయి చెప్పింది. ఫైబర్ తీగ ఇంటిదాకా వస్తే రెండు వైపులా ఒకే వేగం ఇవ్వగలరట. వీళ్లు వేసేది పాత రాగి కేబులే గదా. అడిగారా?

అల్లుడు: 35 తక్కువేమీ కాదండీ. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 100 దిగుమతి, 20 ఎగుమతి ఉంటే చాలని ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, 2024 మార్చిలో నిర్ణయించింది.

అత్తగారు: ముప్పై అయిదు మార్కులు వస్తే పాసైనట్టే, నేనూ ఒప్పుకుంటాను. కానీ పదేళ్ల పాటు పాసు మార్కులతోనే ఉంటానని ముందుగా రాసి ఇచ్చే విద్యార్థిని నేను ఇంతవరకు చూడలేదు. సరే, అది వదిలేయండి. ఈ కేబుల్ టీవీ మన ఇంట్లో ఎవరు చూస్తారు?

అల్లుడు: మీరు చూస్తారు కదండీ.

అత్తగారు: ఈ 125 ఛానెళ్ల జాబితాలో నేను చూసే తెలుగు ఛానెల్ ఒక్కటీ లేదు. చేపలు పట్టడానికి రెండు, గోల్ఫుకు ఒకటి, రోజంతా నగలు అమ్మేందుకు నాలుగు ఉన్నాయి. ఇంటర్నెట్టు ఒక్కటే కావాలి, టీవీ అక్కర్లేదు అంటే ఎంతకు ఇస్తారని అడిగారా?

అల్లుడు: రెండూ కలిపితేనే తగ్గింపు అని ఆ సేల్స్ ఆయన అన్నారు.

అత్తగారు: అంటే అడగలేదు. రెండో కంపెనీని పిలిచి ధర కనుక్కున్నారా?

అల్లుడు: ఎలా పిలుస్తామండీ? ఈ కాలనీలోకి తమ కంపెనీ తప్ప ఇంకొకటి రాకూడదని పాత ఒప్పందంలో ఉందని ఆయనే చెప్పారు.

అత్తగారు: అయ్యో నాయనా! అటువంటి షరతు పెట్టుకోవడానికి వీలు లేదని, పాతవాటిలో ఉన్నా అమలు చేయడానికి వీలు లేదని, ఎఫ్‌సీసీ కేబుల్ కంపెనీలకు 2007లోనే చెప్పింది. ఆ సంవత్సరం మీకు ఇంకా పెళ్లి కూడా కాలేదు. తమ ప్రకటనలు మాత్రమే కాలనీలో పంచాలని ఒప్పించుకోవచ్చు. ఆ సంగతి కూడా ఇళ్లవారికి విడమరచి చెప్పాలని 2022లో మళ్లీ నియమం తెచ్చారు. పక్క దుకాణంలో ధర ఎంతని అడగకుండా చీర కొన్నందుకు మా అమ్మాయిని మీరు ఎన్ని రోజులు దెప్పారో నాకు తెలుసు.

అల్లుడు: ఆ చీర ఒప్పందం పదేళ్లకు కాదు కదండీ.

అత్తగారు: నేను చెప్పేదీ అదే.

(ఇక్కడ అల్లుడు తన వాదాన్ని తానే ఓడించుకున్నానని గ్రహించి, చివరి అస్త్రం తీశారు.)

అల్లుడు: అత్తయ్యగారూ, మీరు ఒక్క విషయం మరిచిపోతున్నారు. ఒప్పందం కుదుర్చుకున్నందుకు కంపెనీ మన సంఘానికే ఎదురు డబ్బు ఇస్తోంది. తలుపుకు 150 డాలర్ల చొప్పున డోర్ ఫీ, మొత్తం 36,000 డాలర్లు. దానితో క్లబ్‌హౌస్ పైకప్పు బాగు చేయించవచ్చు.

అత్తగారు: ఇరవై రెండు లక్షలు తీసుకునేవాడు ముప్పై ఆరు వేలు ముందుగా చేతిలో పెట్టాడు. ఈ డబ్బు ఎవరిదనుకుంటున్నారు? మన 62 డాలర్లలో నుంచే మనకు తిరిగి ఇస్తున్నారు. నేను ఆడిట్ చేసిన రోజుల్లో ఇటువంటి లెక్కను చూస్తే ఎర్ర పెన్సిలుతో చుట్టి, పక్కన ప్రశ్నార్థకం వేసేదాన్ని. ఇదిగో, వేశాను కూడా.

అల్లుడు: కాగితం మీద వేశారా?!

అత్తగారు: నాలుగుచోట్ల. రెండోది ఖాళీ ఇళ్ల దగ్గర. చలికాలంలో వచ్చి ఎండాకాలంలో ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్లిపోయే ముసలివాళ్లు ఈ కాలనీలో ఎందరో ఉన్నారు. వాళ్లు ఇంట్లో ఉన్నా లేకపోయినా పన్నెండు నెలలూ కట్టాలి. మూడోది మరమ్మతు దగ్గర. సేవ ఆగిపోతే ఎన్ని గంటల్లో బాగుచేయాలో ఎక్కడా లేదు, పదే పదే ఆగిపోతే ఒప్పందం రద్దు చేసుకునే హక్కూ లేదు. 'సముచిత కాలంలో' అని మాత్రం ఉంది. నాలుగోది, గడువు ముగియడానికి 120 రోజుల ముందు రిజిస్టర్డ్ టపాలో వద్దని రాయకపోతే ఇంకో అయిదేళ్లు దానంతట అదే సాగుతుందట. పదేళ్ల తరువాత ఆ తేదీని గుర్తుపెట్టుకునే కోశాధికారి ఎవరో నాకు చూపించండి. పెళ్లిరోజును గుర్తుపెట్టుకోలేనివారి పేరు మాత్రం చెప్పకండి.

అల్లుడు: ఇష్టం లేనివాళ్లు ఇటువంటి టోకు ఒప్పందం నుంచి బయటికి రావచ్చని వాషింగ్టన్‌లో నియమం తెస్తున్నారని విన్నానండీ.

అత్తగారు: 2024లో ఆ ప్రతిపాదన చర్చకు వచ్చింది. 2025 జనవరిలో ఎఫ్‌సీసీ అధ్యక్షుడిగా వచ్చిన బ్రెండన్ కార్ దానిని అటకెక్కించారు. ఫ్లోరిడా చట్టంలో మాత్రం కొందరికి మినహాయింపు ఉంది. వినికిడి లోపం ఉన్న యజమాని, వినగలిగే మనిషి తోడు లేకుండా నివసిస్తూ ఉంటే, డబ్బు కట్టడం మానుకోవచ్చు. మా అమ్మాయి మాట మీకు వినపడదు గనుక సగం అర్హత మీకు ఉంది. ఆమె చెవులు బాగుండటమే అడ్డు వచ్చింది.

అల్లుడు: (చాలా సేపటికి) అత్తయ్యగారూ, ఈ సలహాలు మీరు గత వారం ఇచ్చి ఉంటే బాగుండేది.

అత్తగారు: గత వారమే ఎందుకు?

అల్లుడు: ఎందుకంటే... ఆ కాగితం నకలు.

అత్తగారు: నకలా? అసలు ఎక్కడ ఉంది?

అల్లుడు: కంపెనీ దగ్గర. మన సంఘం అధ్యక్షుడూ నేనూ శుక్రవారం నాడు సంతకాలు చేశాం. ఆ సేల్స్ ఆయన చాలా మర్యాదస్తుడండీ, కలం కూడా ఆయనే ఇచ్చారు.

(అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ల ఆడిట్ అనుభవంలో ఆమె కళ్లజోడు తుడుచుకున్నప్పుడల్లా ఏదో ఒక సంఘం కార్యదర్శికి జ్వరం వచ్చిందని వినికిడి.)

అత్తగారు: ఫ్లోరిడా చట్టంలో 720.309 అనే సెక్షన్ ఉంది. బోర్డు చేసుకున్న ఇటువంటి ఒప్పందాన్ని, సంఘ సభ్యుల తరువాతి సమావేశంలో, హాజరైన ఓట్లలో సగానికి మించి పడితే రద్దు చేయవచ్చు. ఏ సభ్యుడైనా తీర్మానం పెట్టవచ్చు. ఎవరూ పెట్టకపోతే ఒప్పందం ఖాయమైపోయినట్టే. సమావేశం ఎప్పుడు?

అల్లుడు: వచ్చే గురువారం. కానీ దానికి కోరం కావాలండీ. మన నియమావళిలో అంతకన్నా తక్కువ రాసుకోలేదు గనుక, చట్టం చెప్పిన 30 శాతం ప్రకారం 72 ఇళ్లవారు హాజరు కావాలి. పోయినసారి 41 మంది వచ్చారు, వారిలో ఇద్దరు ఈత కొలను సమావేశమనుకుని తువ్వాళ్లతో వచ్చారు. అదీగాక నేను చేసిన సంతకాన్ని నేనే రద్దు చేయమని తీర్మానం ఎలా పెడతానండీ?

అత్తగారు: మీరు పెట్టనక్కర్లేదు. ఇల్లు మా అమ్మాయి పేరు మీద కూడా ఉంది గనుక ఆమె పెడుతుంది. నిన్న రాత్రే ఒప్పుకుంది.

అల్లుడు: నిన్న రాత్రా? అంటే సంతకం సంగతి మీకు నిన్ననే తెలుసా?

అత్తగారు: చివరి పేజీ నుంచి మొదలుపెట్టి చదవడం నాకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. మీ అంతట మీరు ఎన్నో పేజీ దగ్గర చెబుతారో చూద్దామని ఆగాను.

అల్లుడు: సరేనండీ. ఇప్పుడే అందరికీ ఈమెయిల్ పంపిస్తాను. (ల్యాప్‌టాప్ తెరిచి, కాసేపు చూసి, గోడ మీది పెట్టె వైపు చూస్తారు. అందులో ఎర్ర దీపం వెలుగుతోంది.) నెట్టు పోయిందండీ.

అత్తగారు: ఏడు గంటలైంది కదా, పోయే వేళే. చెప్పులు వేసుకోండి. తలుపుకు నూటయాభై డాలర్ల చొప్పున కంపెనీ దగ్గర లెక్క కట్టించుకున్నారు గనుక ఏ తలుపు ఎక్కడ ఉందో మీకు బాగా తెలిసే ఉంటుంది. 72 దొరికేవరకు తట్టండి. ఎదురింటితో మొదలుపెట్టండి, ఆవిడకు నేను చెప్పి ఉంచాను.