ఫెవికాల్ పెట్టి అతికించిన భయం

మా బామ్మర్ది భయాన్ని జయించాడు. జయించి ఊరుకోలేదు, ఇంటికి తెచ్చాడు. తెచ్చి మా అత్తగారింటి హాల్లో, వెంకటేశ్వరస్వామి క్యాలెండరుకీ కాలం చేసిన మా మామగారి ఫొటోకీ మధ్య మేకు కొట్టి తగిలించాడు. అడుగు పొడవు, అడుగుకి కాస్త తక్కువ వెడల్పు, వేలెడు మందం ఉన్న చెక్క. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో ‘భయం’ అని రాసుంటుంది. ‘భ’కీ ‘యం’కీ నడుమ పైనుంచి కిందిదాకా చీలిక. ఒంగోలు బైపాసు పక్కన ఒక కల్యాణ మండపంలో జరిగిన రెండు రోజుల వ్యక్తిత్వ వికాస శిబిరంలో, అరచేతి దెబ్బతో వాడు స్వయంగా పెట్టిన చీలిక అది. ఖరీదు 7,500 రూపాయలు. మధ్యాహ్నం భోజనానికి వేరే.

రెండుగా విరిగిన చెక్క ఒక్క మేకుకి ఎట్లా వేలాడుతుందని మీకు అనుమానం వచ్చి ఉండాలి. నాకూ వచ్చింది. అడిగాను.

"ఫెవికాల్ పెట్టాను బావా" అన్నాడు.

నిదానంగా ఆలోచించండి. మనిషి డబ్బు కట్టి, మూడొందల మంది ఎదుట కేకలు పెట్టి, భయాన్ని నడిమికి విరిచాడు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కింద పేపరు పరిచి, ఆ రెండు ముక్కల అంచులకీ ఫెవికాల్ పూసి, కదలకుండా పైన బియ్యం డబ్బా పెట్టి, రాత్రంతా ఆరబెట్టాడు. పొద్దున్నే లేచి ఊపి చూసుకున్నాడు. భయం గట్టిగా అతుక్కుందని సంతోషించాడు. ఉపనిషత్తుల్లో దీనికి సమాధానం ఉందేమో పెద్దలు చెప్పాలి.

చెక్క వెనకవైపు ‘కోటి’ అని ఉంది. శిబిరంలో పద్ధతి అదట. ముందువైపు నీ భయం రాయాలి, వెనకవైపు నీ లక్ష్యం రాయాలి. భయాన్ని చీల్చుకుని చెయ్యి లక్ష్యం వైపు పోతుందన్నమాట. ఒకే చెక్క గనక భయంతోపాటు కోటి కూడా రెండు ముక్కలైంది. ఈ సంగతిని గురువుగారి దృష్టికి ఎవరూ తీసుకుపోయినట్టు లేదు.

మా అత్తకి డెబ్బై ఏళ్లు. ఆమె ఆ చెక్కని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "పొర వెంబడే చీలిందిరా" అంది. అంతే. నలభై ఏళ్లు పొయ్యిలోకి కట్టెలు చీల్చుకున్న మనిషి. పొర ఎటు పోతోందో చూసి అటే దెబ్బ వేస్తే కట్టె చీలుతుందని, అడ్డం వేస్తే గొడ్డలి ఎగిరి ముఖానికొస్తుందని ఆమెకు తెలుసు. శిబిరం వాళ్లకీ తెలుసు. అందుకే చెక్కని ఎట్లా పట్టుకోవాలో వాలంటీర్లకి ముందే నేర్పిస్తారు, కొట్టేవాడికి మాత్రం చెప్పరు. పైగా అది ప్యాకింగ్ పెట్టెలకు వాడే మెత్తటి చెక్క. కానీ మా అత్త మంచిది. వరసలో ఉంది గదా అని శుక్రవారం నాడు స్వామివారికీ, మామగారికీ పెట్టిన చేత్తోనే భయానికీ కుంకుమ బొట్టు పెట్టేది.

ఇక శిబిరంలో బాణం విరిచే సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. బాణం మొన గొంతు కింద గుంటలో పెట్టుకుని, రెండో కొస బల్లకి ఆనించి, ఒక్క అడుగు ముందుకు వేస్తే బాణం వంగి విరుగుతుంది. పుల్ల సన్నం గనక విరుగుతుంది. విరిగాక ఏడుస్తారు. ఎందుకు ఏడుస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అసలు ఘట్టం రెండో రోజు రాత్రి. నిప్పుల మీద నడక. "నన్ను చూడ్డానికైనా రా బావా" అని పాస్ పంపిస్తే పోయాను. గురువుగారు కోటు వేసుకుని, చెవి నుంచి బుగ్గ దాకా మైకు తగిలించుకుని ఉన్నారు. ఒంగోల్లో కోటు వేసుకునేది పెళ్లికొడుకులే, అది కూడా రిసెప్షన్ అయ్యేదాకానే. "ఎట్లా ఉన్నారు?" అంటే మూడొందల మంది "సూపర్!" అనాలి. "వినపళ్లా!" అంటే ఇంకా గట్టిగా అనాలి. పక్కవాడి చేతికి చెయ్యి కొట్టి "నువ్వు సింహానివి" అనాలి. నా పక్కన కూర్చున్నది రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన నా మొహం చూసి, నేను ఆయన మొహం చూసి, ఇద్దరం సింహాల మాట ఎత్తకుండా నమస్కారం పెట్టుకున్నాం.

మండపం వెనక పెరట్లో పన్నెండు అడుగుల పొడవున నిప్పులు పరిచారు. డప్పులు. కాగడాలు. అయితే మరునాడు పొద్దున అదే మండపంలో పెళ్లి. వంటవాళ్లు రాత్రే దిగారు. పెరటికి ఒక పక్క మనుషులు భయాన్ని జయిస్తుంటే రెండో పక్క గారెలకి పప్పు నానేస్తున్నారు, గుమ్మడికాయలు కోస్తున్నారు. గురువుగారు ఇటు వరస వైపు తిరిగి, "చల్లని నాచు! చల్లని నాచు!" అని అరిపిస్తున్నారు. అమెరికాలో ఇంగ్లీషులో ‘కూల్ మాస్’ అని అనిపించే మాటని తెలుగులోకి దించారు. బావిగట్టున పెరిగిన ఏ తెలుగువాడికైనా నాచు అంటే జారి నడుం విరగడమే గుర్తొస్తుంది గానీ ధైర్యం గుర్తు రాదు. అయినా అందరూ నాచు నాచు అంటున్నారు.

సరిగ్గా అప్పుడు వంటమేస్త్రి వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. లుంగీ, భుజాన తువ్వాలు, నోట్లో వెలిగించని బీడీ. అగ్గిపెట్టె కోసం నడుం తడుముకున్నాడు, లేదు. వరసలో ముందు నిలబడి కళ్లు మూసుకుని "నేనే అగ్నిని, నేనే అగ్నిని" అంటున్న ఫైనాన్సు కంపెనీ మేనేజర్ని "కాస్త జరుగు నాయనా" అని పక్కకి జరిపాడు. గొంతుకూర్చున్నాడు. నిప్పుల్లోంచి బాగా రాజుకున్న ఒక బొగ్గుని వేళ్లతో తీశాడు. ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి, కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి ఎగరేస్తూ బీడీ ముట్టించుకున్నాడు. రెండు దమ్ములు లాగాడు. బొగ్గుని ఎక్కడ తీశాడో అక్కడే మర్యాదగా వేశాడు.

డప్పులు ఆగిపోయాయి.

గురువుగారు మాత్రం తక్కువవారు కాదు. "చూశారా! ఇదీ సబ్‌కాన్షస్ పవర్! ఆయన మైండ్ అట్లా ప్రోగ్రామ్ అయింది!" అన్నారు. మూడొందల మంది "యెస్స్!" అన్నారు. మేస్త్రి బెదిరిపోయి వెనక్కి తిరిగాడు. "అయ్యా, మీకు వేడి తెలియలేదు కదా?" అని గురువుగారు మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు.

"తెలవకేం సామీ, కాలతా ఉంది. అందుకేగా చేతులు మార్చింది" అన్నాడు మేస్త్రి. పోబోతూ ఆగి, "అయిపోయినాక ఈ బొగ్గులు పారెయ్యబాకండి. తెల్లారి కాఫీ నీళ్లకి పనికొస్తాయి" అన్నాడు.

చేతులు మార్చడం. మొత్తం శాస్త్రం అదే. పొయ్యిలో కట్టె ఎగదోసేటప్పుడు చెయ్యి మంట దగ్గరికి పోతుంది, ఏమీ కాదు. అదే చెయ్యి పెనం అంచుకి తగిలితే బొబ్బ. నిప్పు బొగ్గు ఎంత ఎర్రగా ఉన్నా, 500 డిగ్రీలు దాటినా, తన వేడిని పాదానికి ఇనుములాగా గబగబా అందించలేదు. పైన బూడిద పొర. అడుగు ఆనేది క్షణంలో సగం. ఆగకుండా నడిస్తే నాలుగైదు అడుగుల్లో అవతల ఉంటాం. 1935లో ఇంగ్లండులో హ్యారీ ప్రైస్ అనే పరిశోధకుడు ఖుదా బక్ష్ అనే కాశ్మీరీని నిప్పుల మీద నడిపించి, కొలతలు వేసి, ఇందులో మాయ లేదని అప్పుడే తేల్చాడు. 90 ఏళ్ల కిందటి తీర్పుని మనకిప్పుడు 7,500కి రహస్యంలా అమ్ముతున్నారు.

అంతెందుకు, మా పల్లెల్లో పీర్ల పండక్కి గుండం తొక్కరా? పీరు ఎత్తుకున్నాయన వెనక హిందువులూ ముస్లిములూ కలిసి నిప్పుల్లో దిగుతారు. మరునాడు ఎప్పటిలాగే మిరప చేలోకి పోతారు. గుండం తొక్కినవాడు కోటి సంపాదిద్దామని ఊళ్లో ప్లాట్లు బుక్ చెయ్యమని ఫోన్లు చెయ్యడు. నెల్లూరోళ్లకి ఇంకా సులువు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగితే ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె, పెళ్లి రొట్టె, ఏది కావాలంటే అది పట్టుకోవచ్చు. కోరిక తీరితే మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. తీరకపోతే నీ నమ్మకంలో లోపం ఉందని రొట్టె ఇచ్చినామె నిలదీయదు.

శిబిరంలో నిలదీస్తారు. నడక ముందు ఒక కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు. నా ఇష్టపూర్వకంగా నడుస్తున్నాను, కాళ్లు కాలితే నిర్వాహకులకు సంబంధం లేదు, అని. భయం వదిలెయ్యమని రెండు రోజులు అరిచినవాళ్లకి కోర్టంటే మాత్రం భయం చక్కగా ఉంది. దాన్ని ఏ చెక్క మీదా రాసుకోలేదు.

ఉండాలి మరి. 2012లో అమెరికాలో శాన్‌హోసేలో టోనీ రాబిన్స్ అనే వ్యక్తిత్వ వికాస గురువు సభలో నడిచినవాళ్లలో 21 మందికి కాలిన గాయాలకు వైద్యం చెయ్యాల్సి వచ్చింది. 2016లో డాలస్‌లో అదే గురువు సభలో ఇంకో 30 మందికి పైగా. కొందరు నిప్పుల మీద సెల్ఫీలు దిగారని పేపర్లు రాశాయి. 2022లో స్విట్జర్లాండులో జ్యూరిక్ దగ్గర ఒక కంపెనీ తన ఉద్యోగుల్ని నడిపిస్తే 25 మందికి కాళ్లు కాలాయి. నిప్పుల్లో కాలు దిగబడినా, జనం ఎక్కువై నడక నెమ్మదించినా కాలుతుంది. మేస్త్రిని అడిగితే బీడీ ఆర్పకుండా చెప్పేవాడు.

ఆ రాత్రి మా వరసలో ఒక కుర్రాడికి కాలింది. ఇరవై మూడు, ఇరవై నాలుగు ఏళ్లుంటాయి. డిగ్రీ అయి గ్రూప్-2కి చదువుతున్నాడు. ఫీజు కోసం వాళ్లమ్మ గాజులు బంగారం లోన్‌లో పెట్టిందని మాటల్లో చెప్పాడు. కుడి పాదం కింద రూపాయి బిళ్లంత బొబ్బ. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బకెట్ నీళ్లలో కాలు పెట్టుకున్నాడు. టీషర్టు వేసుకున్న వాలంటీర్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "బ్రదర్, నువ్వు మధ్యలో కిందికి చూశావు. ఒక్క శాతం డౌట్ వచ్చింది నీకు" అన్నాడు. ఆ పిల్లాడు తల ఊపాడు. అవునన్నా, డౌట్ వచ్చింది, అన్నాడు. డౌట్ పోవాలంటే వచ్చే నెల 45,000 క్యాంపు ఉందని వాలంటీర్ చెప్పాడు. పిల్లాడు దానికీ తల ఊపాడు.

ఇక్కడికొచ్చేసరికి నాకు ఎగతాళి చెయ్యబుద్ధి కావడం లేదు. కాలకపోతే గురువు గొప్పా? కాలితే ఆ పిల్లాడి తప్పా? వాడి పాదం కిందికి నిప్పు తెచ్చింది ఎవరు? కాలిందని చెప్పుకునే హక్కు కూడా లేకుండా చేశారు గదరా, నొప్పిని కూడా నేరం చేశారు గదరా! 2009 అక్టోబరులో అమెరికాలో అరిజోనాలో జేమ్స్ రే అనే ఇంకో గురువు, మనిషికి పదివేల డాలర్ల దాకా వసూలు చేసి, తిండీ నీళ్లూ లేకుండా ఎడారిలో కూర్చోబెట్టి, ఆపైన యాభై మందికి పైగా జనాన్ని ఒక ఆవిరి గుడారంలో కుక్కాడు. ఊపిరాడక పడిపోతుంటే తట్టుకోండి అన్నాడు. ముగ్గురు చచ్చిపోయారు. రెండేళ్లు జైలు వేశారు. ముగ్గురికి రెండేళ్లు. చచ్చిపోయినవాళ్లు భయపడలేదు, నమ్మారు. నూటికి నూరు శాతం నమ్మారు.

తెర మీద గురువుగారు చూపించిన ఒక వాక్యం నాకు ఇంకా మంట. ‘పేదరికం జేబులో లేదు, మెదడులో ఉంది.’ కొండపి, టంగుటూరు, కనిగిరి వైపు నుంచి వచ్చిన పొగాకు రైతుల పిల్లల ముందు! మా మామగారు ముప్పై ఏళ్లు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర నిప్పుతో కాపురం చేశాడు. ఆకు కాల్చే రోజుల్లో రాత్రిళ్లు మంచం బ్యారన్ పక్కనే. ఆయనకి ఏ నిప్పూ భయం కాదు. వేలం కేంద్రంలో ఎవరూ పాడక బేలు మీద ‘నోబిడ్’ అని పడితే ఆయన ముఖం ఎట్లా ఉండేదో నేను చూశాను. 2015లో ధర పడిపోయినప్పుడు ఈ జిల్లాలో రైతులు ప్రాణాలే తీసుకున్నారు. కొనేవాడు కూడా ఆనాడు ఆకు బాలేదన్నాడు గానీ, నీ ఆలోచన బాలేదనలేదు. ఆ మర్యాద ఈ కోటుగాడికి లేదు.

ధైర్యానికి ఉదాహరణలని గురువుగారు రెండు రోజులూ దొరల పేర్లు చెప్పారు. వేదిక నుంచి వినోదరాయునిపాలెం ఎంతో దూరం లేదు. అక్కడ పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు 1928లో మద్రాసులో, సైమన్ కమిషన్ మీద నిరసన జరిగిన రోజున, తుపాకీ ఎదుట రొమ్ము చూపించాడు. అది నిజం తుపాకీ. ముందుగా నాచు జపాలు లేవు. బారిస్టరుగా లక్షలు సంపాదించి, అంతా దేశానికి పోసి, చివరికి చేతిలో ఏమీ మిగలకుండా 1957లో పోయాడు. గురువుగారి లెక్కన ఆంధ్రకేసరికి కూడా మైండ్‌సెట్ సమస్యే అయి ఉండాలి. జిల్లాకి ఆయన పేరు పెట్టుకున్నాం, ఏం చేస్తాం.

సంక్రాంతికి ఇల్లు కడిగి సున్నం వేసేటప్పుడు మా అత్త గోడ మీదవన్నీ దించింది. నీళ్లు పడ్డాయో, బొట్టు తుడవడానికి తడిగుడ్డ పెట్టిందో, భయం మళ్లీ రెండు ముక్కలైంది. భోగి నాడు తెల్లవారుజామున పాత చాపలు, విరిగిన పీట, చీపురుకట్టలతోపాటు మా అత్త మొదట ‘యం’ వేసింది, తరవాత ‘భ’ వేసింది. ఎండిన కట్టె, బాగా అంటుకుంది.

మా బామ్మర్ది పళ్లు తోముకుంటూ వీధిలోకొచ్చి చూశాడు. "అమ్మా, నా భయమే!" అని కేక పెట్టి, బ్రష్ పారేసి మంట దగ్గరికి దూకాడు. లుంగీ ఎగ్గట్టాడు. వంగాడు. కుడి చెయ్యి చాచాడు. కాసేపు అట్లాగే ఉండి, చెయ్యి వెనక్కి తీసుకుని నా వైపు తిరిగాడు.

"బావా, పట్టకారు యాడుంది?" అన్నాడు.