వలయం కనిపిస్తే మందు దొరికినట్టు కాదు

స్పెయిన్‌లో సేకరించిన జూనిపర్ అనే పొద ఆకుల్లో ఒక శిలీంధ్రం దొరికింది. దాని పేరు హార్మోనీమా కార్పెటానమ్. ఆకు లోపలే ఉంటుంది గానీ ఆకును కుళ్లబెట్టదు. ఇలాంటివాటిని ఎండోఫైట్లు అంటారు. ఈ శిలీంధ్రం తయారుచేసే ఎన్‌ఫ్యూమాఫంజిన్ అనే పదార్థం ఇతర శిలీంధ్రాలను చంపుతుందని 2000లో ప్రచురితమైంది. దాన్ని మార్చి తయారుచేసిన ఇబ్రెక్సాఫంజెర్ప్ మాత్రకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దక్కింది 2021 జూన్‌లో. ఆకు నుంచి మాత్ర దాకా ఇరవై ఏళ్లకు పైనే పట్టింది. మన దగ్గర వేప, తులసి, అశ్వగంధ ఎండోఫైట్ల మీద జరిగే పరిశోధన చాలావరకు ఆ ప్రయాణంలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతోంది. నా బాధ అదే.

శిలీంధ్రాలకు మందు కనుక్కోవడం బ్యాక్టీరియాకు కనుక్కున్నంత తేలిక కాదు. శిలీంధ్ర కణం మన కణానికి దగ్గరి చుట్టం. దాన్ని దెబ్బతీసేది మనల్నీ దెబ్బతీస్తుంది. 2021లో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోయినప్పుడు అందరూ వెతికిన యాంఫోటెరిసిన్ బి మూత్రపిండాలను దెబ్బతీయగలదు. శిలీంధ్రానికి ఉండి మనకు లేనిది కణకవచం. అందులోని బీటా గ్లూకాన్ అనే పొడవాటి చక్కెర గొలుసును అల్లే ఎంజైమును ఎన్‌ఫ్యూమాఫంజిన్ ఆపేస్తుంది. కాస్పోఫంజిన్ అనే మరో మందు కూడా అదే ఎంజైము మీద పనిచేస్తుంది గానీ దాన్ని సెలైన్‌లా నరంలోకి ఎక్కించాల్సిందే. జూనిపర్ శిలీంధ్రం నుంచి వచ్చిన ఇబ్రెక్సాఫంజెర్ప్‌ను మింగవచ్చు. పైగా అది అతుక్కునే చోటు కొంత వేరు కాబట్టి, కాస్పోఫంజిన్‌కు లొంగని కాండిడా (మనుషుల్లో ఇన్ఫెక్షన్లు తెచ్చే ఒక ఈస్టు) రకాల్లో చాలావాటిపై కూడా పనిచేస్తుంది. బ్లాక్ ఫంగస్ తెచ్చే మ్యూకర్ జాతులు మాత్రం ఈ తరహా మందులకు పెద్దగా లొంగవు.

ఎన్‌ఫ్యూమాఫంజిన్ ఉన్నది ఉన్నట్టుగా మాత్ర కాలేదు. రసాయన శాస్త్రవేత్తలు దానిలోని చక్కెర భాగాన్ని తీసేసి ఆ స్థానంలో అమైన్ గొలుసు పెట్టారు, మరోచోట ట్రయజోల్ వలయం తగిలించారు. శిలీంధ్రం ఇచ్చింది మూల నమూనా మాత్రమే.

ఇక మన ప్రయోగశాలల్లో జరిగే పని చూద్దాం. ఆకును కుళాయి నీటితో కడిగి, 70 శాతం ఎథనాల్‌లో ఒక నిమిషం, క్లోరిన్ 2 నుంచి 4 శాతం ఉన్న సోడియం హైపోక్లోరైట్‌లో సుమారు మూడు నిమిషాలు, మళ్లీ ఎథనాల్‌లో అర నిమిషం ముంచి, శుద్ధి చేసిన నీటితో మూడుసార్లు కడగాలి. ఆ తరువాత 5 మిల్లీమీటర్ల ముక్కలు కోసి, యాంటీబయాటిక్ కలిపిన బంగాళాదుంప డెక్స్‌ట్రోజ్ అగర్ (శిలీంధ్రాలను పెంచే జెల్లీ) మీద పెట్టి 25 నుంచి 28 డిగ్రీల దగ్గర ఉంచాలి. పలచని ఆకుకు ఎక్కువసేపు క్లోరిన్ తగిలితే లోపలి శిలీంధ్రమూ చస్తుంది. తక్కువైతే పైన వాలిన దుమ్ములోని ఆస్పర్‌జిల్లస్ అనే బూజు మొలిచి, అదే ఎండోఫైట్‌గా లెక్కలోకి ఎక్కేస్తుంది. చివరి కడుగు నీటిని వేరే ప్లేటులో పోసి ఏమీ మొలవలేదని చూపించని ఫలితాన్ని నేను నమ్మను.

తరువాతి పొరపాటు ఇంకా పెద్దది. ఒకే ప్లేటులో ఎండోఫైటునూ, రోగకారక శిలీంధ్రాన్నీ ఎదురెదురుగా పెంచుతారు. మధ్యలో ఖాళీ వలయం కనిపించగానే మందు దొరికిందని రాసేస్తారు. అగర్‌లో ఆమ్లం పెరిగినా, త్వరగా పెరిగేది ఆహారమంతా తినేసినా అలాంటి ఖాళీ రావచ్చు. ద్రవ మాధ్యమంలో రెండు మూడు వారాలు పెంచి, ఇథైల్ ఎసిటేట్‌తో సారం తీసి, ఎంత గాఢత దగ్గర పెరుగుదల ఆగుతుందో కొలవాలి. ఆపింది సారమే గానీ ద్రావకం కాదని తేలడానికి, పక్కనే ద్రావకం మాత్రమే ఉన్న గుంట తప్పనిసరి. ముడి సారం మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల లోపు పనిచేస్తేనే ముందుకు వెళ్లడం మంచిది. శుద్ధి చేసిన క్రిప్టోకాండిన్ అనే ఎండోఫైట్ పదార్థం కాండిడాను మిల్లీలీటరుకు 0.03 నుంచి 0.07 మైక్రోగ్రాముల దగ్గరే ఆపింది. ఒక మిల్లీగ్రాము కావాల్సిన సారాన్ని గొప్పగా చెప్పుకోవడం అనవసరం.

అసలు దెబ్బ తగిలేది ఆ తరువాత. ప్లేటు మార్చి ప్లేటులో పెంచుతూ పోతే చాలా ఎండోఫైట్లు ఆ పదార్థం తయారుచేయడం మానేస్తాయి. మొక్క ఇచ్చే సంకేతాలు అందక ఆ జన్యువులు మూగబోతాయన్నది ఒక వివరణ. అందుకే వేరుచేసిన వారంలోపే గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచాలి. థీసిస్ ముగిశాక ఫ్రీజర్ ఖాళీ చేయడమంటే ఆ శిలీంధ్రాన్ని పారేయడమే.

టాక్సాల్ చరిత్ర కూడా గుర్తుంచుకోవాలి. అది క్యాన్సర్ మందే అయినా హెచ్చరిక మనకూ వర్తిస్తుంది. యూ చెట్టులోని శిలీంధ్రం టాక్సాల్ తయారుచేస్తుందని 1993లో ప్రకటించారు. దొరికినది లీటరుకు నానోగ్రాముల్లోనే. 2013లో ఆ శిలీంధ్రపు జన్యుక్రమాన్ని పరిశీలిస్తే, దాన్ని తయారుచేసే జన్యువుల ఆనవాళ్లు కనిపించలేదు.

మరి ఇక్కడ ఏం చేయాలి? మన చర్మ వైద్యుల దగ్గరికి టెర్బినఫిన్ అనే యాంటీఫంగల్ మందుకు లొంగని తామర విపరీతంగా వస్తోంది. దానికి కారణమైన ట్రైకోఫైటన్ ఇండోటినియే పేరులోనే ఇండియా ఉంది. సీసాలో పాతికేళ్లుగా ఉన్న ప్రామాణిక కాండిడా మీద కాకుండా, స్థానిక ఆసుపత్రుల నుంచి తెచ్చిన ఈ రకాల మీద సారాలను పరీక్షించాలి. అదే రోజు ఎర్ర రక్తకణాలు పగులుతున్నాయా, మానవ కణాలు చస్తున్నాయా చూడాలి. సారాన్ని అణువుల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి, పాత పదార్థమే మళ్లీ దొరికిందేమో తేల్చుకోవాలి. నిధులిచ్చేవారు యాభై మొక్కల జాబితా అడగడం మానేసి, ఒక్క శిలీంధ్రాన్ని ఈ మూడు పరీక్షల దాకా తీసుకెళ్లినవారికి రెండో విడత డబ్బు ఇవ్వాలి.