మీ ఊరేది అంటే తడబడొద్దు

ఒడిశా సరిహద్దులో ఉన్న మా రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు పిల్లలు ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాక ఎలా జరిగిందని అడిగితే చాలామంది ఒకే మాట చెబుతారు. సబ్జెక్ట్ బాగానే చెప్పాను, మొదట్లోనే కాస్త తడబడ్డాను అని. ఆ మొదట్లో అంటే, ‘నీ గురించి చెప్పు’ అన్న ప్రశ్న దగ్గర.

నేనూ అక్కడే దెబ్బతిన్నాను. విశాఖలో నా మొదటి ఇంటర్వ్యూ. ‘ఒడిశా అని రాశావు, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చు?’ అన్నారు ఒకాయన. ముచ్చటపడే అడిగారు. నేను మాత్రం తప్పు చేసి దొరికిపోయినవాడిలా ఉలిక్కిపడి, ‘మాది అసలు శ్రీకాకుళం సార్’ అనేశాను. ‘అలాగా, మాదీ అటే, ఏ ఊరు?’ అన్నారు. మా మేనత్త వాళ్ల ఊరి పేరు చెప్పాను. దాని పక్క ఊరేదంటే నోరు పెగల్లేదు. ఆ తర్వాత అడిగినవన్నీ నాకు తెలిసిన ప్రశ్నలే, అయినా ఒక్కదానికీ సరిగ్గా చెప్పలేకపోయాను, ఎందుకంటే నా ధ్యాసంతా ఆ అబద్ధం మీదే ఉంది.

ఆ రోజు నిజం చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా మా రాయగడ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది, అందుకే ఇక్కడ ఇన్ని తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇలా చెప్పి ఉంటే ఆయన ఇంకో రెండు ప్రశ్నలు దాని మీదే అడిగేవారు, నాకూ బెరుకు పోయేది. సరిహద్దులో పుట్టామని దాచుకోవడం మానేస్తే మన తయారీలో సగం పని అయిపోయినట్టేనని నా గట్టి నమ్మకం.

ఇంటర్వ్యూని మనం పరీక్షలా చదువుతున్నాం, అదే అసలు ఇబ్బంది. మార్కులు, డిగ్రీ వాళ్ల ముందున్న కాగితంలోనే ఉంటాయి. వాళ్లకి తెలియాల్సింది ఈ మనిషి పని చేయగలడా, పదిమందితో కలుస్తాడా, నాలుగు రోజులు నిలుస్తాడా అన్నది. బట్టీపట్టిన ఇంగ్లీషు పేరాలో ఇవేవీ దొరకవు.

ఈమధ్య గుణుపురం నుంచి ఒకమ్మాయి ఇంటర్వ్యూ ప్రాక్టీస్ కోసం నా దగ్గరికి వచ్చింది. మొదలుపెట్టగానే హార్డ్ వర్కింగ్, పాజిటివ్ థింకింగ్ అంటూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. ఆపి, ఇంట్లో ఏం చేస్తుంటావమ్మా అన్నాను. వాళ్లది కిరాణా కొట్టు. కొండ మీంచి దిగే సవర గిరిజనులతో వాళ్ల సవర భాషలో లెక్క చెబుతుంది, ఆఫీసుల వాళ్లతో ఒడియాలో మాట్లాడుతుంది, సరుకు కోసం పార్వతీపురం హోల్‌సేల్ వాళ్లకి తెలుగులో ఫోన్ చేస్తుంది. వాళ్ల నాన్న అరువు ఖాతా పేర్ల మీదే రాస్తారట. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే ఒకరి బాకీ ఇంకొకరి మీద పడి గొడవలయ్యేవి. ఈ పిల్ల పేరు పక్కన ఊరు, తండ్రి పేరు కూడా రాయడం మొదలుపెట్టాక ఆ గొడవలు ఆగిపోయాయి. కస్టమర్లతో పనిచేసే ఉద్యోగానికి ఇంతకంటే మంచి జవాబు ఏముంటుంది చెప్పండి! దాన్ని వదిలేసి ఎవరో రాసిచ్చిన పేరా చదువుతోంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాషని పట్టుదలగా నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. మన పిల్లలకి ఆ భాష కొట్టులోనే అబ్బితే, దాన్ని బయోడేటాలో రాయడానికి సిగ్గుపడుతున్నారు.

ఇంగ్లీషు వద్దని కాదు, కంపెనీ ఉద్యోగానికి అది కావాలి. చిన్న వాక్యాలతో, తప్పుపోయినా ఆగకుండా చెప్పగలిగితే చాలు. సివిల్స్‌లో మొత్తం 2025 మార్కుల్లో 275 ఇంటర్వ్యూవే, మెయిన్స్ తెలుగులో రాసినవాళ్లు దాన్ని కూడా తెలుగులోనే ఇవ్వొచ్చు.

సర్టిఫికెట్ల సంగతి మాత్రం ముందే చూసుకోండి. మన దగ్గర పదో తరగతి ఒడిశా బోర్డులో చదివితే ఇంటిపేరు చివర పూర్తిగా పడుతుంది, డిగ్రీ ఆంధ్రలో చదివితే అదే ఇంటిపేరు ముందు ఒక్క అక్షరమైపోతుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. వెరిఫికేషన్ టేబుల్ దగ్గర ఆ టెన్షన్‌తో చేతులు వణికితే లోపలికెళ్లాక ఏం మాట్లాడతారు? వీలైతే సరిచేయించుకోండి, టైమ్ లేకపోతే అఫిడవిట్ చేయించి ఫైల్లో పెట్టుకోండి. బట్టలు శుభ్రంగా, ఇస్త్రీ చేసి ఉంటే చాలు. పొద్దున బండి దిగి అదే చొక్కాతో పరిగెత్తకుండా, కుదిరితే ముందురోజే వెళ్లి ఎవరింట్లోనో తలదాచుకోండి.

‘ఇంత దూరం వచ్చి ఉంటావా, మళ్లీ ఇంటికెళ్లిపోతావా?’ అని మన పిల్లలని, ముఖ్యంగా ఆడపిల్లలని తప్పకుండా అడుగుతారు. అక్కడ నీళ్లు నమిలితే అవతలివాళ్లకి అర్థమైపోతుంది. గుణుపురం అమ్మాయిని ఇదే అడిగితే తల వంచుకుంది, ఇంట్లో ఇంకా ఆ మాటే ఎత్తలేదట. సంత రోజు కొట్టు కట్టేశాక నాన్నతో కూర్చుని మాట్లాడతానంది, ఆ తర్వాతే మళ్లీ ప్రాక్టీస్‌కి వస్తానంది.